ఈ వారం రాత్రి భోజనానికి ఏం వండారు? ఎలా కుదిరింది?

సాయంసంధ్య

నిన్న రాత్రి ఉల్లిపాయల సూప్ చేశాను. నలుగురికి 6 పెద్ద ఉల్లిపాయలు. తరిగినప్పుడు మూకుడు నిండిపోయింది, దించేసరికి రెండు గుప్పెళ్లు మిగిలింది. ఉల్లిపాయలు ఎర్రగా వేగడానికి పది నిమిషాలు చాలని చాలాచోట్ల రాస్తారు. అది నమ్మి ఎన్నోసార్లు భంగపడ్డాను. పది నిమిషాలకు ఉల్లిపాయ మెత్తబడుతుంది, అంతే. నిన్న గడియారం ఎదురుగా పెట్టుకుని చూశాను. 15 నిమిషాలకు గాజులా అయ్యాయి. 25కి లేత పసుపు. అక్కడినుంచి మూకుడు అడుగున గోధుమరంగు పొర పట్టడం మొదలైంది. అది మాడిపోతోందని ఇదివరకు కంగారుపడి దించేసేదాన్ని. నిన్న మాత్రం రెండు చెంచాల నీళ్లు చల్లి గరిటెతో గీకాను. ఆ పొరంతా కరిగి మళ్లీ ఉల్లిపాయలకే పట్టింది. అలా నాలుగుసార్లు చేశాక, 45 నిమిషాలకు బెల్లం రంగు వచ్చింది. సూప్‌లో చిటికెడు పంచదార కూడా వేయలేదు, అయినా అంత తీపి ఎక్కడినుంచి వచ్చిందని మావారు అడిగారు.

మీరంతా ఈ మధ్య ఏం చేశారో రాయండి. కుదరనివి కూడా రాయండి, అవే ఎక్కువ పనికొస్తాయి.

రెండోషిఫ్ట్

నేను ఇల్లు చేరేసరికి రాత్రి 10:30 దాటుతుంది. 45 నిమిషాల వంట నావల్ల కాదండీ. నిన్న మధ్యాహ్నం అన్నం మిగిలింది. రెండు గుడ్లు, ఒక క్యారెట్, ఉల్లికాడలు వేసి ఎగ్ ఫ్రైడ్ రైస్ చేశాను. స్టవ్ వెలిగించిన పావుగంటకి తింటున్నా.

నేను నేర్చుకున్నది ఒకటి చెప్తాను. మొదట్లో దీనికోసం అప్పటికప్పుడు అన్నం వండేవాణ్ని. మూకుట్లో వేయగానే ముద్దయిపోయేది. చల్లారిన అన్నమైతే మెతుకు మెతుకు విడిపోతుంది. గుడ్డు ముందు విడిగా వేయించి పక్కన పెట్టి, అన్నం బాగా వేడెక్కాక చివర్లో కలుపుతాను. లేకపోతే గుడ్డు అన్నానికి పట్టేసి తడితడిగా ఉంటుంది.

పెద్దక్క

బాబూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ అన్నం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎక్కడుంది?

రెండోషిఫ్ట్

స్టవ్ పక్కనే, గిన్నెలో మూతపెట్టి ఉందక్కా. ఎలాగూ పొగలు వచ్చేలా వేయిస్తాను కదా, ఫర్వాలేదనుకున్నాను.

పెద్దక్క

అక్కడే ఉంది చిక్కు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి పెరిగి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం వేడికి విరగదు. నువ్వు మళ్లీ ఎంత వేయించినా బ్యాక్టీరియా చస్తుంది గానీ విషం అలాగే ఉంటుంది. వాసన కూడా మారదు, అందుకే మనకు తెలియదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి ఆరబెట్టాలి. గంటలోపు, ఎంత ఆలస్యమైనా రెండు గంటలు దాటకుండా, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి. మర్నాటికల్లా తినేయాలి. ఒక్కసారే వేడిచేయాలి. నా చిన్నకొడుకు హాస్టల్ రోజుల్లో ఇలాగే తిని రెండు రోజులు లేవలేదు. అందుకే నాకీ విషయంలో ఇంత పట్టుదల.

రెండోషిఫ్ట్

నిజంగా తెలియదక్కా. ఇన్నాళ్లూ అలాగే తింటున్నాను. అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను, మధ్యాహ్నం తిన్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టమని.

ప్రయోగశాల

ఫ్రిజ్ వల్ల ఫ్రైడ్ రైస్ కూడా బాగుపడుతుంది. ఉడికినప్పుడు ఉబ్బిన పిండిపదార్థం చల్లబడుతున్నకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది, మెతుకు పైతడి ఆరుతుంది. మీరు చూసిన పొడిపొడితనం అదే. కాబట్టి రుచికీ ఆరోగ్యానికీ ఒకటే దారి.

ఇద్దరుపిల్లలు

సోమవారం: బ్రెడ్, గుడ్డు పొరటు.
మంగళవారం: పప్పు, అన్నం.
బుధవారం: మళ్లీ గుడ్లు. పరీక్షలు, జ్వరాలు, అన్నీ ఒకేసారి వచ్చాయి. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. ఆదివారం మాత్రం ఓవెన్‌లో కోడి, బంగాళదుంపలు చేద్దామనుకుంటున్నా.

తొలివంట

అందరికీ నమస్కారం. పెళ్లయి నాలుగు నెలలు. మొన్న శనివారం అత్తయ్యా మామయ్యా మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చారు. రాజ్మా కూర చేద్దామనుకున్నాను. ముందురోజు రాత్రే గింజలు నానబెట్టాను. పొద్దున్నే ఉల్లిపాయ, 5 టమాటాలు వేయించి, గింజలు, నీళ్లు, రుచికని సగం నిమ్మకాయ రసం వేసి స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటలకొద్దీ ఉడికించే కరెంటు కుక్కర్) పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయాను. సాయంత్రం ఇంట్లోకి రాగానే వాసన అద్భుతంగా ఉంది. గింజ ఒకటి తీసి రెండు వేళ్ల మధ్య నొక్కాను. జారి కిందపడింది గానీ నలగలేదు. ఇంకో రెండు గంటలు ఉంచినా అంతే, లోపల పలుకు.

చివరికి అందరికీ ఆమ్లెట్లు వేశాను. మామయ్య ఏమీ అనలేదు, తిని లేచారు. ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. పెద్ద గిన్నెడు కూర పారబోశాను. ఎక్కడ తప్పు జరిగిందో దయచేసి ఎవరైనా చెప్పండి.

పెద్దక్క

తల్లీ, మొదట నీ టెన్షన్ తగ్గించుకో. ఆ గింజలు ఎవరి కడుపులోకీ వెళ్లలేదు, అదే పదివేలు. సరిగ్గా ఉడకని రాజ్మా రుచి సంగతి తర్వాత, మనిషిని పడేస్తుంది. మిగతాది మన ప్రయోగశాల మాస్టారు వివరంగా చెప్తారు.

ప్రయోగశాల

అక్క చెప్పింది నిజం. ఎర్ర రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అది పోవాలంటే నీళ్లు కుతకుతా మరగాలి. స్లో కుక్కర్‌లో చాలాసార్లు గింజ లోపలికి అంత వేడి చేరదు. కాబట్టి పద్ధతి ఇది: కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లే మంట మీద కనీసం 10 నిమిషాలు మరిగించాలి. 30 నిమిషాలైతే ఇంకా నిశ్చింత. స్లో కుక్కర్ కావాలంటే ఆ తర్వాతే.

ఇక గట్టిగా ఎందుకున్నాయంటే, టమాటా, నిమ్మరసం ముందే వేశారు కాబట్టి. గింజలో కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు ఉంటుంది. అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. పులుపు దాన్ని కరగనివ్వదు. కూరలో బంగాళదుంప ముక్కలు కూడా పులుపు ముందు పడితే అలాగే మొరాయిస్తాయి. గింజ వేళ్ల మధ్య పూర్తిగా నలిగాకే పులుపు వేయండి. మీ చేతివంటలో లోపం లేదండీ, ముందు వెనకల తేడా, అంతే.

తొలివంట

ఉప్పు కూడా చివర్లోనే వేయాలంటారు కదా సార్? ఉప్పు వేస్తే గింజ ఉడకదని మా పిన్ని ఎప్పుడూ చెప్పేది.

ప్రయోగశాల

చాలామంది అలాగే అంటారు. నిజానికి ఉప్పు సాయం చేస్తుంది. పెక్టిన్‌ను బిగించి పట్టుకునేది కాల్షియం, మెగ్నీషియం. నానబెట్టే నీళ్లలో ఉప్పు వేస్తే తొక్కలో వాటి స్థానంలోకి సోడియం చేరుతుంది, తొక్క మెత్తబడుతుంది, ఉడికేటప్పుడు పగలదు. లీటరు నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ ఉప్పు నా లెక్క. ఉడికించే ముందు ఆ నీళ్లు ఎలాగూ పారబోస్తాం. మీది కఠినత్వం ఉన్న బోరు నీరైతే అందులో కాల్షియం ఎక్కువ ఉంటుంది కాబట్టి, ఫిల్టర్ నీళ్లలో ఉడికించి చూడండి.

కొండమీద

ఇంకో సంగతి. మేముండేది చాలా ఎత్తులో. 300 మీటర్లు ఎక్కేకొద్దీ నీళ్లు మరిగే వేడి సుమారు 1 డిగ్రీ తగ్గుతుంది. మా దగ్గర 95 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇక్కడ మామూలు గిన్నెలో గింజలు ఉడకబెట్టడం నావల్ల కాలేదు. ప్రెషర్ కుక్కర్ ఒక్కటే దిక్కు. ఆవిరి బయటికి పోక లోపల 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది.

పెద్దక్క

గింజలు పాతవేమో కూడా చూసుకో తల్లీ. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్నవి ఎంత నానినా ముడతలు విప్పుకోవు. అలాంటివి ఏం చేసినా పలుకే.

నాన్నకోసం

చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. రెండు నెలల క్రితం నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. ఉప్పు బాగా తగ్గించమన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే రోజుకు 5 గ్రాములలోపు అంటుంది, అంటే చిన్న చెంచాడు కూడా నిండదు. నాన్నకి అంతకన్నా తక్కువ. మొదటి వారం ఆయన పళ్లెం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని పక్కకు నెట్టేసేవారు. "గడ్డి తిన్నట్టుంది రా" అనేవారు. జీవితమంతా మా అందరికీ వండిపెట్టిన మనిషి. ఆయన అలా పళ్లెం నెడుతుంటే నాకు వంటింట్లోకి వెళ్లి ఏడుపొచ్చేది.

అప్పటినుంచి నేను పట్టుకున్నవి రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయేమో.

మొదటిది పుట్టగొడుగులు. వాటిలో 90 శాతం నీరే. ముందే నూనె, ఉప్పు వేయకుండా వేడి పెనం మీద విడివిడిగా పరుస్తాను. కాసేపటికి చుయ్యిమంటూ నీరు ఊరుతుంది. అది పూర్తిగా ఇంకిపోయేదాకా కదపను. చప్పుడు మారుతుంది, తడి చప్పుడు పోయి చిటపటలు వస్తాయి. అప్పుడు చెంచా నూనె, వెల్లుల్లి. అంచులు ఎర్రబడ్డాక వాటికి మాంసం లాంటి రుచి వస్తుంది, ఉప్పు లేని లోటు సగం తీరుతుంది. దీనికి కారణం గ్లూటమేట్ అనే పదార్థం. జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెదా 1908లో సముద్రపు పాచి నుంచి దాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టారు. పుట్టగొడుగుల్లో, టమాటాల్లో అది సహజంగానే ఉంటుంది. టమాటాలో కండకన్నా గింజల చుట్టూ ఉండే జిగురులోనే ఎక్కువ. ఇదివరకు ఆ జిగురు తీసి పారేసేదాన్ని. ఇప్పుడు అదే ముందు వేసి దగ్గరపడేదాకా ఉడికిస్తున్నాను.

రెండోది నిమ్మరసం. పొయ్యి మీద కాదు, పళ్లెంలో పెట్టాక పిండాలి.

మూడోది, ఉన్న కాస్త ఉప్పునీ కూరలో కలపకుండా, వడ్డించేటప్పుడు పైన చల్లడం. నాలుకకు ముందు అదే తగులుతుంది కాబట్టి తక్కువ ఉప్పే ఎక్కువగా అనిపిస్తుంది.

కనబడని ఉప్పు మాత్రం నన్ను భయపెట్టింది. బ్రెడ్, చీజ్, సోయా సాస్, ప్యాకెట్ సూప్. కూరలో చిటికెడు తగ్గించి, రెండు బ్రెడ్ ముక్కలు పెడితే చేసిందంతా వృథా. ఇప్పుడు ప్యాకెట్ వెనక సోడియం అంకె చూడకుండా ఏదీ కొనడం లేదు.

నిన్న రాత్రి పుట్టగొడుగులు, టమాటా, పప్పు కలిపి చేశాను. నాన్న ఇంకొంచెం వెయ్యమన్నారు. రెండు నెలల్లో మొదటిసారి.

సాయంసంధ్య

మీ మాటలు మావారికి చదివి వినిపించాను. మా అత్తగారికీ బీపీ ఉంది. రేపు పుట్టగొడుగులు తెస్తున్నాను.

ప్రయోగశాల

చాలా బాగా రాశారమ్మా. చిన్న జాగ్రత్త ఒకటి. "తక్కువ సోడియం ఉప్పు" అని బజార్లో దొరికే వాటిలో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కొన్నిరకాల బీపీ మందులు వాడేవాళ్లకు ఒంట్లో పొటాషియం పెరిగిపోతే గుండెకే ప్రమాదం. డాక్టర్‌ని అడగకుండా అది మాత్రం తేకండి.

నాన్నకోసం

అడిగాను సార్, వద్దన్నారు. ఇంకో మంచి మాట కూడా చెప్పారు. కొన్ని వారాలు తక్కువ ఉప్పుకు అలవాటుపడితే నాలుకే మారుతుందట. నాకిప్పుడు బయట తిండి ఉప్పుకషాయంలా అనిపిస్తోంది.

సాయంసంధ్య

ఉప్పు మాట వచ్చింది కాబట్టి నా గోడు. ఉల్లిపాయల సూప్ బాగుందని నిన్న మళ్లీ చేశాను. ఈసారి మొదట్లోనే రుచి చూసి సరిపడా ఉప్పు వేశాను. తర్వాత అరగంట మరిగించాను. దించేసరికి నోట పెట్టలేకపోయాం. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు అన్న సంగతి తట్టలేదు. ఎలా సరిచేస్తారు?

పెద్దక్క

చెక్కు తీసిన బంగాళదుంప ఒకటి వేసి ఉడికించి తీసెయ్యి. ఉప్పు పీల్చేస్తుంది. మా అమ్మ కాలం నుంచి అదే చేస్తున్నాం.

ప్రయోగశాల

అక్కా, మీ మాట కాదంటున్నందుకు క్షమించాలి. దుంప పీల్చేది ఉప్పును కాదు, ఉప్పునీళ్లను. మిగిలిన సూప్‌లో ఉప్పు గాఢత దాదాపు అంతే ఉంటుంది. పరిమాణం పెంచడమే మందు: నీళ్లో, పాలో, ఉప్పు వేయని ఉడికిన పప్పో కలపాలి.

పెద్దక్క

ఇవాళ మధ్యాహ్నం కావాలని చేసి చూశాను. ఒకే ఉప్పు సూప్‌ని రెండు గిన్నెల్లో పోశాను. ఒకదాంట్లో దుంప వేసి, రెండూ మూతపెట్టి 20 నిమిషాలు ఉంచాను. దుంప తీసేసి, ఏది ఏదో చెప్పకుండా మనవరాలికీ కోడలికీ రుచి చూపించాను. ఇద్దరూ తేడా లేదన్నారు. నేనూ కళ్లు మూసుకుని తాగాను, తేడా లేదు. మాస్టారి మాటే సరైంది. ఆ రెండు గిన్నెల్లోనూ తలో రెండు గ్లాసుల నీళ్లు పోసి, దుంప మెదిపి వేశాను. రాత్రికి అందరం అదే తాగాం.

ఇద్దరుపిల్లలు

ఆదివారం ఓవెన్ వంట కుదిరింది, అందుకే రాస్తున్నా! ఎప్పుడు చేసినా నా దుంపలు ఉడికినట్టుండేవి గానీ వేగినట్టుండేవి కావు. ఈసారి మూడు మార్చాను. మొదట నీళ్లలో చిటికెడు వంటసోడా వేసి ముక్కల్ని అంచులు కాస్త చెదిరేదాకా ఉడికించాను. వార్చాక గిన్నెలో గట్టిగా కుదిపాను, పైన పిండిలాంటి పొర పట్టింది. మరీ ముఖ్యంగా, ట్రేలో ముక్కకీ ముక్కకీ మధ్య వేలెడు ఖాళీ వదిలాను. 220 డిగ్రీల్లో 45 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాను. పళ్లకింద కరకరమని, లోపల వెన్నలా వచ్చాయి.

కోడిని ఈసారి కడగలేదు. కడిగితే పచ్చిమాంసం మీది క్రిములు సింకు చుట్టూ చిందుతాయని, ఉడికితే ఎలాగూ చస్తాయని చదివాను. ముందురోజు రాత్రే ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టాను. తొడ దగ్గర థర్మామీటర్ గుచ్చి 74 డిగ్రీలు దాటాక తీశాను. చిన్నవాడు దుంపలే తిన్నాడు, కోడి ముట్టలేదు. పెద్దది రెండూ తింది.

ప్రయోగశాల

ఖాళీ వదలడమే అసలు కిటుకు. ముక్కలు ఇరుకుగా ఉంటే వాటిలోంచి వచ్చే ఆవిరిలోనే ఉడుకుతాయి. తడి ఉన్నంతసేపూ పైభాగం 100 డిగ్రీలు దాటదు. ఎరుపు, ఆ కమ్మని వాసన రావాలంటే సుమారు 140 దాటాలి. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే మయార్ చర్య అంటారు. సంధ్యగారి ఉల్లిపాయలకు 45 నిమిషాలు పట్టింది కూడా ముందు నీరు పోవాలి కాబట్టే.

కొండమీద

చేప పెనానికి అంటుకోకుండా ఎలా వేయిస్తారు? నాది ప్రతిసారీ తొక్క పెనం మీదే ఉండిపోతుంది.

పెద్దక్క

గుడ్డతో బాగా తుడువు, చుక్క తడి ఉండకూడదు. పెనం కాగాక నూనె, నూనె కాగాక చేప. వేశాక దాని జోలికి వెళ్లకు. కింద పెచ్చు కట్టాక అదే వదులుతుంది. అట్లకాడకి రాకపోతే ఇంకా కాలేదని అర్థం.

తొలివంట

ఇవాళ మళ్లీ రాజ్మా పెట్టాను. నిన్న రాత్రి ఉప్పునీళ్లలో నానబెట్టాను. ఆ నీళ్లు పారబోసి ఫిల్టర్ నీళ్లలో 30 నిమిషాలు తెర్లించాను, తర్వాత కుక్కర్‌లో పెట్టాను. మూత తీసి ఒక గింజ వేళ్ల మధ్య పెట్టి నొక్కితే వెన్నముద్దలా నలిగింది, తొక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకో నాలుగు గింజలు తీసి అన్నీ నొక్కి చూశాను. అప్పుడు వేశాను టమాటా.

మావారు రెండోసారి వడ్డించుకుంటున్నారు. అత్తయ్యకి ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాను. మామయ్యకి ఏం చేయమంటారని అడిగితే, రాజ్మా చేయమన్నారు.

రెండోషిఫ్ట్

చాలా సంతోషంగా ఉందండీ. అమ్మ ఇప్పుడే మెసేజ్ పెట్టింది, అన్నం ఫ్రిజ్‌లో ఉందట, రెండు గుడ్లు కూడా ఉన్నాయట. షిఫ్ట్ అయిపోయింది, ఇంటికి బయల్దేరుతున్నాను.